నాయనమ్మ చుక్కకూర మడి

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఎండలు ముదిరే వేళకు మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడేవి. అడవి అంచున ఉన్న చిన్న ఊరు మాది. మిరపకాయలు ఏరే కూలికి ఆ ఇళ్ళవాళ్ళు కల్లూరు, పెనుబల్లి దిక్కు పోయి, నెలా రెండు నెలలు అక్కడి చేలల్లోనే గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. ఆ ఏడు మా అమ్మానాన్న కూడా ఆ కూలికే పోయారు. ఇంట్లో మిగిలింది నాయనమ్మ, మా మేనత్త, నేను.

అత్త కడుపుతో ఉండి పుట్టింటికి వచ్చింది. నిరుడు ఆమెకు ఐదో నెలలో కడుపు పోయింది. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. ఏం తిన్నా ఇమిడేది కాదు. జొన్న గటక వాసన వస్తేనే కొంగు అడ్డం పెట్టుకునేది. ఊరికి వచ్చే నర్సమ్మ ఆమె కంటి రెప్ప కిందికి లాగి చూసి, "రక్తం లేదమ్మా, ఇట్లయితే కష్టం" అని చెప్పి పోయింది. ఆ రోజు నాయనమ్మ అత్త పక్కన కూర్చుని, "నోటికి ఏం హితవైతది బిడ్డా, చెప్పు" అని అడిగింది. అత్త చాలాసేపు ఆలోచించి, "మామిడికాయ పప్పయితే రెండు ముద్దలు తింటనేమో" అన్నది.

మామిడి చెట్టు ఇంటి వెనకే ఉంది. కొమ్మలు వంగేంత కాపు. అయినా నాయనమ్మ ముఖం చిన్నబోయింది. మా ఊళ్ళో మామిడి కొత్తల పండుగ చేసి, మొదటి కాయ అమ్మోరికి పెట్టేదాకా ఎవరూ కాయ కోయరు. పండుగకు ఇంకా చాలా రోజులున్నాయి. దానికి పెద్దవాళ్ళు చెప్పే కథ ఒకటుంది. కాపు మీదున్న చెట్టు కడుపుతో ఉన్న ఆడమనిషి లాంటిదట. ఒకప్పుడు ఒకామె ఆగలేక లేత కాయలు దులిపితే, 'నా నెలలు నిండనియ్యలేదు నువ్వు' అని చెట్టు ఏడ్చిందట. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ కడుపూ నిలవలేదట. ఊరి పిల్లలందరికీ ఆ కథ చెప్పి భయపెట్టింది మా నాయనమ్మే. ఇప్పుడు ఆ కథే ఆమె చేతులు కట్టేసింది. గాలికి రాలిన కాయయితే తినొచ్చు, తప్పులేదు. కానీ ఆ రోజుల్లో ఆకు కూడా కదిలేది కాదు.

ఇంటి వెనక స్నానాల బండ పక్కన నాయనమ్మకు చుక్కకూర మడి ఉండేది. చలికి బాగా వచ్చే పుల్లకూర అది. ఎండలకు ఆకు ముడుచుకుని, కంకి వేసి ఎండిపోతుంది. నాయనమ్మ దాని మీద తాటాకుల పందిరి వేసింది. కంకులు తుంచేసింది. ఇక కావలసింది నీళ్ళు. ఊరి బోరింగు కొడితే గాలి తప్ప ఏమీ రాదు. వాగులో ఇసుక తోడి చెలిమె చేసి, ఊరిన నీళ్ళను సొరబుర్రతో ముంచి బిందె నింపుకోవాలి. నాయనమ్మ తెల్లవారుతూనే ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోయి వచ్చి, ఆ కాళ్ళతోనే వాగుకు పోయేది. పొద్దు వాలాక మళ్ళీ. ఆమె వెనక చిన్న బిందెతో నేను. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరికీ మాటకు కూడా ఓపిక ఉండేది కాదు. మడి దగ్గర మాత్రం ఒక్కటి చెప్పేది: "పక్క ఆకులే గిల్లు. నడిమి చిగురు ముట్టకు. అది ఉంటేనే రేపు మనకుంటది."

గిల్లిన ఆకును కందిపప్పుతో మట్టికుండలో ఉడికించి, పీచు కనిపించకుండా బాగా ఎనిపి, ఎండుమిర్చి పోపు పెట్టింది. అత్త ముందు పెట్టి, నా వైపు చూడకుండా, "రాలిన కాయ దొరికింది బిడ్డా. కోసింది కాదు. ముక్క కరిగిపోయింది" అన్నది. నేను నోరు తెరవబోతే నా కాలి మీద చెయ్యి వేసి నొక్కింది. అత్త ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, మింగింది. ఇంకో ముద్ద కలుపుకుంది. ఆమె తిన్న అన్నం కడుపులో నిలవడం చాలా రోజులకు అదే. అప్పటి నుంచి మా ఇంట్లో రోజూ ఒక కాయ రాలుతూనే ఉంది.

పండుగ దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం నాయనమ్మ బిందెతో సహా దారిలోనే కూలబడింది. వడదెబ్బ. నేను పరుగెత్తుకొచ్చి చెబితే అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. చెరో రెక్క పట్టుకుని ఇంటికి తెచ్చి, నీడన పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాం. కళ్ళు తెరవగానే ఆమె "బిడ్డకు అన్నం..." అంటూ లేవబోయింది. "పండుకో అమ్మా" అని అత్త కసిరి, నేరుగా మడి దగ్గరికి నడిచింది. వంగలేక వంగి, పక్క ఆకులు గిల్లడం మొదలుపెట్టింది.

నేను నిలబడిపోయాను. "నీకు తెలుసా అత్తా?"

"మొదటి ముద్దకే తెలిసింది."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే ఏం జేస్తది పిల్లా మీ నాయనమ్మ? ఆ చెట్టు దిక్కు చూసుకుంట ఏడుస్తది. కోయబుద్ధి కాదు, కోయకుంట ఉండబుద్ధి కాదు. గంత దూరం నుంచి నీళ్ళు మోసి వండి పెడ్తుంటే, మామిడి కాదని తోసేస్తనా?" అన్నది అత్త. ఇంకో ఆకు గిల్లి, "ముందుగాల గొంతు దిగలే. ఆమె మెడ నరాలు చూసి మింగిన. తర్వాత దానంతటదే దిగింది" అన్నది.

ఆ రోజు పప్పు అత్తే వండింది. తల్లిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, కలిపి నోట్లో పెట్టింది. నాయనమ్మ నమిలింది. కూతురి వేళ్ళకు అంటిన ఆకు పసరు చూసింది.

"రాలిన కాయేనా?" అని మెల్లగా అడిగింది.

"అవ్ అమ్మా. గాలొచ్చింది."

నాయనమ్మ రెండో ముద్దకు నోరు తెరిచింది. ఇద్దరిలో ఎవరూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. అంత ఓపిక కూడా లేదనుకుంటా.

తర్వాత కొత్తల పండుగ వచ్చింది. అమ్మోరికి పెట్టాక మామిడికాయ పప్పు ముందు అత్తకే పెట్టారు. ఆమె రెండు ముద్దలు తిని చాలన్నది. నాయనమ్మ ఆ గిన్నె వంక చూసి నిట్టూర్చి, సాయంత్రం మళ్ళీ బిందె చంకన పెట్టుకుని వాగుకు బయలుదేరింది. వానలు పడ్డాక దవాఖానాలో అత్తకు ఆడపిల్ల పుట్టింది. చుక్కకూర వల్ల నిలిచిందని నేననను, కాయ కోయనందుకు నిలిచిందనీ అనను. పెద్దయ్యాక ఒకటి మాత్రం అర్థమైంది. కాయ లేతగా కోస్తే లోపల టెంక ముదరదు. ఆ టెంకల పిండితో కాచిన జావే వానాకాలం మా ఊరి ఆకలి ఆపేది. ఆ కథలో ఏడ్చింది చెట్టో, మనుషులో.

ఇప్పుడు మేముండేది బొగ్గుబావుల ఊళ్ళో, కిరాయి ఇంట్లో. మా ఆయన బావి పనికి పోతాడు, నేను బడిలో వంటకు పోతాను. ఎవరు ముందొస్తే వాళ్ళు పొయ్యి వెలిగించాలి. అలసిన చేతులు పెట్టిన ముద్దకు వంక చెప్పకపోవడం ఆ ఎండాకాలం నుంచే నాతో వస్తోంది. నిన్న ఆయన మొదటి షిఫ్టు దిగి, నేను వచ్చేసరికి చారు కాచి ఉంచాడు. ఉప్పు వేయడం మరిచిపోయాడు. ఇంకో గంటె పొయ్యమన్నాను.