దొరసాని వీపు మీద గంజి

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి కాస్త పెద్ద వయసు ఉండాలంటారు. నాకింకా ఇరవై అయిదు నిండలేదు, ఈ సంగతి జరిగి మహా అయితే రెండేళ్లు. అయినా ఆ రోజుల్లో అనే అంటాను, ఎందుకంటే అప్పటి పిల్లను తలుచుకుంటే అది నేనేనా అని నాకే అనుమానం వస్తుంది. ఆ పిల్లకు లోకమంతటి మీదా కోపం. ఎండ మీద కోపం, ఆలస్యంగా వచ్చే బస్సు మీద కోపం, పెళ్లెప్పుడని అడిగేవాళ్ల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. పొద్దున లేచీ లేవగానే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెతుక్కునేదాన్ని, దొరక్కపోతే అదొక కోపం. (సిరిసిల్లలో మా ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా ధడధడమంటూ ఆడుతుంటాయి. బట్టలు కుట్టే యూనిట్లో నా ఉద్యోగం, అక్కడా మిషన్ల మోతే. అందుకే నా తలకాయ అట్లా తయారైందని అమ్మ నా తరఫున అందరికీ చెప్పుకునేది.)

అట్లాంటి నా చేతుల్లో ఒక తాబేలును పెట్టి వెళ్లింది కోరుట్ల. ఊరు కాదు, మనిషి. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మేం ఒకే గది, అక్కడ అందరినీ ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్లం. నేను సిరిసిల్లను, అది కోరుట్ల. ఆస్పత్రి అసిస్టెంటు ట్రైనింగుకని మూడు నెలలు హైదరాబాదు పోతూ, నీళ్లలో బతికే తాబేలును ఒక టబ్బుతో సహా మా ఇంటికి తెచ్చింది. చెంపల మీద ఎర్రటి గీతలు, అరచేయంత డిప్ప, ఎవరినీ లెక్కచేయని చూపు. పేరు దొరసాని. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు కొన్నారట, గాజు గిన్నెలో పెడితే జన్మంతా అంతే ఉంటుందని అమ్మినవాడు ఒట్టు పెట్టి చెప్పాడట. ఆ అమ్మినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు గాని వాడి మీద నాకు ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది. ప్రాణమున్నదేదైనా పెరుగుతుందని తెలియనట్టు ఎట్లా అమ్ముతారు, తెలిసీ అమ్మితే వాళ్లను ఏమనాలి? కోరుట్ల మాత్రం దాన్ని కన్నబిడ్డలా పెంచింది. “రోజు ఎండల పెట్టు, ఎక్కి కూసునేటందుకు గీ ఇటుక పెట్టు, రెండు దినాలకోసారి నీళ్లు మార్సు. గిది పోతే నేను బతుకనే” అని నా రెండు చేతులూ పట్టుకుంది. “ఊకో, నేనేమన్న చిన్నపోరినా?” అని దాని మీద కూడా కోపం చేశాను.

మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాత ఒకరోజు దొరసాని వీపు మీద ఒక పలక అంచు లేచి కనబడింది. మర్నాడు ఇంకో రెండు. పాత గోడకు సున్నం పొర లేచినట్టు, కింద మెరుస్తూ, పైన పల్చటి కాయితంలాంటి పొర. కోరుట్ల ఇట్లా అవుతుందని ఒక్క మాట చెప్పి చావలేదు (దాని మీద కోపం), ట్రైనింగులో ఆదివారం తప్ప ఫోన్ ఇవ్వరు (వాళ్ల మీద కోపం), ఆదివారం ఫోన్ చేస్తే “దొరసాని మంచిగున్నదా?” అని అది అంత ముద్దుగా అడిగింది, నేను “మస్తుగున్నది” అనేశాను. ఇక నా వైద్యం మొదలైంది. లేచిన పొర మురికి అని తీర్మానించుకుని సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే దొరసానిని ఒళ్లో పెట్టుకుని గోటితో తీయడం మొదలుపెట్టాను. కొత్త ఫోను అద్దం మీది ప్లాస్టిక్ పొర ఊడదీస్తే ఎంత హాయిగా ఉంటుందో అంత హాయి. ఒకటి తీస్తే ఇంకోటి తీయాలనిపించేది. అది తల లోపలికి లాక్కుని బుస్సుమనేది. నీ మంచికే అని దాన్నీ కసురుకునేదాన్ని.

ఇక్కడ మా బాపు, అంటే నాన్న గురించి చెప్పాలి. బాపు మాట తక్కువ మనిషి. చిన్నప్పుడు చేతిమగ్గం మీద నేర్చుకున్నాడు, తర్వాత సాంచాలకు మారాడు. నూలు పోగు మీద నూగు లేస్తే ఆయన ప్రాణం కొట్టుకుంటుంది. నూగు లేచిన పోగు తెగుతుంది, తెగకుండా ఉండాలంటే గంజి పట్టించాలి. ఆయనకు తెలిసిన వైద్యమంతా అదే. నేను దిగులుగా తాబేలు వీపు చూసుకోవడం బాపు రోజూ చూస్తున్నాడు, నాతో మాట్లాడితే కరుస్తానని ఏమీ అడగలేదు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి దొరసాని పెరట్లో ఇటుక మీద, ఇస్త్రీ చేసిన అంగీలాగా తెల్లగా, పెళుసుగా, మెరిసిపోతూ కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో గంజి, ఆ గిన్నె మీద మా తాత కాలం నాటి కుంచె. (పడుగు నూలుకు గంజి పట్టించే ఆ కుంచెను బాపు గోడకు తగిలించి రోజూ దండం పెట్టుకుంటాడు, మేమెవరం ముట్టుకోవడానికి లేదు. దాన్ని దించాడంటే ఆయనకు దొరసాని ఎంత ముఖ్యమో నాకప్పుడే అర్థం కావాల్సింది.)

“ఏం జేసినవ్ బాపూ?” అని అరిచాను.

“పొరలు లేస్తున్నయ్ గద బిడ్డా. గంజి వెట్టిన. పొద్దటి సంది మూడుసార్లు. మంచిగ పట్టింది సూడు.”

“గది నూలు పోగా? తాబేలు! పానమున్న తాబేలు!”

“పానమున్నదనే గదా, కొంచెం పల్సగనే వెట్టిన.”

ఆ మాటకు ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు గిన్నె ఎత్తి గంజంతా జామచెట్టు మొదట్లో కుమ్మరించాను. నోటికి వచ్చినవన్నీ అన్నాను. చదువుకోనోళ్లతో ఇదే బాధ అన్నాను (ఈ ఒక్క మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది). బాపు కుంచె కడిగి, తుడిచి, గోడకు తగిలించి, సాంచాల గదిలోకి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయిదో రోజు దొరసాని వీపు మీద అక్కడక్కడా తెల్లటి గుంటలు కనబడ్డాయి, వేలితో తాకితే మెత్తగా ఉన్నాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే నీచు వాసన. అది తిండి మానేసింది. “చూడు నీ గంజి ఏం జేసిందో” అని తీసుకెళ్లి బాపు మొహం ముందు పెట్టాను. ఆయన మొహం పాలిపోయింది.

జగిత్యాలలో ఒక పశువుల డాక్టరు పిట్టలనూ చేపలనూ కూడా చూస్తాడని తెలిసి, ఖాళీ పెయింటు డబ్బా మూతకు బొక్కలు పొడిచి, అందులో తడిగుడ్డ వేసి దొరసానిని పెట్టుకుని బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరు నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టాడు. డబ్బాలోంచి గీకుతున్న చప్పుడు విని ఆగాడు.

“గా డబ్బల ఏముందమ్మా?”

“తాబేలు.”

“ఆడిదా, మొగదా?”

“ఆడిది.”

“గట్లయితే దీనికి గూడ ఫిరీయే” అని ముందుకు పోయాడు. బస్సంతా నవ్వింది. నేను మాత్రం జగిత్యాల దాకా ఆ బస్సులో ఉన్న ప్రతి మనిషినీ లోపల లోపల తిట్టుకుంటూ కూర్చున్నాను.

డాక్టరు వయసు మళ్లినవాడు. నా ముందు ఒక మేక, రెండు కోళ్లు ఉన్నాయి. మా వంతు రాగానే నేను గంజి కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, ఇట్లా చేసేవాళ్లను ఏం చేయాలి సార్ అని ముగించాను. ఆయన తాబేలును వెల్తురులోకి పట్టి, అద్దాలు సర్దుకుని, ఒక్కో పలకనూ చూశాడు.

“గంజిదేమున్నదమ్మా, కడిగినంక పోయింది. మంచి పని గాదు గని దానితోని పుండు గాలే. నీళ్లను పాడు జేసిందంతే. ఇగో, గీ గుంటలు సూడు. పెరిగే తాబేలు పొరలిడుస్తది, గది రోగం గాదు. పండిన పొర అదే లేసి నీళ్లల్ల రాలుతది. గీడ పండకముందే ఎవలో పీకిన్రు. కింద పచ్చిగుంటది గద, మురికి నీళ్లు తాకి పుండైంది. ఎవలు పీకిన్రు?”

గోళ్లు అరచేతిలోకి ముడుచుకున్నాను.

“తెల్వది సార్” అన్నాను.

ఆయన గోధుమరంగు మందు ఇచ్చి, నీళ్లలో కలిపి పల్చగా అద్దమన్నాడు. కొన్నాళ్లు రోజులో ఎక్కువసేపు పొడిగా ఉంచమన్నాడు, తిండికి మాత్రం నీళ్లలో వదలమన్నాడు, పొద్దుటి ఎండ తగలాలి గాని పక్కనే నీడ కూడా ఉండాలన్నాడు. బతుకుతుందా అని అడిగితే, డిప్పలోపలి దాకా పుండు దిగకపోతే బతుకుతుంది, దినాం చూసుకోవాలి అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఎవరి మీదా కోపం రాలేదు, అందుకే నాకు భయమేసింది. ఇంటికి రాగానే బాపు గుమ్మంలోనే నిలబడి “ఏమన్నడు బిడ్డా?” అన్నాడు. మందు రాయాలన్నాడు అని చెప్పి లోపలికి పోయాను. అంతే చెప్పాను.

నెలన్నర దొరసానికి సేవ చేసింది బాపే. పొద్దున సాంచాలు ఆన్ చేయకముందే దాన్ని తుడిచి, మందు అద్ది, ఎండలో పెట్టి, కాకులు రాకుండా పక్కనే పీట వేసుకుని కూర్చునేవాడు. చాయ్ కూడా అక్కడే. వీధిలో వాళ్లు ఏమైందని అడిగితే “నేనే తెలివి లేక గంజి వెట్టిన” అని చెప్పేవాడు. వంటింటి కిటికీలోంచి అది వినబడేది. విన్న ప్రతిసారీ నాకు కోపం ముంచుకొచ్చేది, అమ్మ మీదో, పప్పు కుక్కరు మీదో చూపించేదాన్ని. ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. గుంటలు మెల్లగా గట్టిపడ్డాయి, వాసన పోయింది, ఒకరోజు దొరసాని బాపు చేతిలోంచి చేప ముక్క లాక్కుని తిన్నది. ఆ రోజు బాపు పొద్దంతా నవ్వుతూనే ఉన్నాడు.

కోరుట్ల వచ్చింది. బాపు సాంచాలు ఆపి, తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ అంగీ వేసుకుని వచ్చాడు. పెరట్లో దొరసాని మెడ సాచి ఇటుక మీద ఉంది, వీపు మీద నాలుగు తెల్ల మచ్చలు. కోరుట్ల దాన్ని ఎత్తుకుని మచ్చలు తడిమింది, తన మొహంలో నవ్వు తగ్గింది. అది అడిగేలోపే బాపు చేతులు జోడించాడు. ఇరవై రెండేళ్ల పిల్ల ముందు, అరవైకి దగ్గరపడ్డ మనిషి.

“తప్పు నాదే బిడ్డా. తెల్వక గంజి వెట్టిన. గీ మచ్చలు నా వల్లనే అయినయ్.”

“అయ్యో కాకా, చేతులు దించుండ్రి” అంటోంది కోరుట్ల.

“నీ వల్ల గాదు!” అని నేను అరిచాను. “నేను పీకిన! నా గోర్లతోని, దినాం, మజా వస్తున్నదని పీకిన! డాక్టర్ గప్పుడే చెప్పిండు. నేనే నోరు మూసుకున్న. నువ్వు చెయ్యనిదాన్ని గిట్లెట్ల ఒప్పుకుంటవ్ బాపూ? వాడకట్టంత చెప్పుకుంట ఎట్ల తిరుగుతవ్? నీకు కోపం రాదా?”

గోడ అవతలి నుంచి ఇద్దరు తలలెత్తి చూశారు. అమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. బాపు జోడించిన చేతులు అట్లాగే ఉంచి నన్ను చూశాడు, తర్వాత మెల్లగా దించాడు.

“తప్పయిందని చెప్పుడు గూడ గిట్ల మొత్తుకుంటనే చెప్పాల్నా బిడ్డా?” అన్నాడు.

కోరుట్ల పక్కున నవ్వింది, నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూ కూడా కోపంగానే ఉన్నాను. సాయంత్రం దొరసానితో సహా కోరుట్ల బస్సెక్కి పోయాక, చాయ్ చేసి బాపు ముందు గ్లాసు ఠక్కున పెట్టి, చదువు గురించి ఆ రోజు అన్న మాట తప్పు అని అన్నాను. అది కూడా కసిరినట్టే వచ్చింది. బాపు తలూపి చాయ్ తాగాడు. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఒక్క మాట ఒప్పుకోవడానికి దానికి నెలన్నర పట్టింది, ఆ నెలన్నరా బాపు పొద్దున్నే ఎండలో కూర్చున్నాడు.