సెన్సర్‌కి కుట్టిన ముసుగు

2023 ఎండాకాలం. వాతావరణంలో వచ్చే మార్పులు ఏ ప్రాంతం మనుషుల బతుకుల్ని ఎలా మారుస్తున్నాయో కొలిచే సర్వేలో నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. జనగామలో ఎండ, మహబూబాబాద్ తండాల్లో నీళ్లు, భూపాలపల్లిలో దుమ్ము నా వంతు. దుమ్ముని మాత్రం పోల్చి చూడ్డానికి మూడు చోట్లా కొన్ని ఇళ్ల వరండాల్లో సెన్సర్లు బిగించాం. గాల్లో సన్నటి దుమ్ము ఎంతుందో కొలిచి, అంకెల్ని నేరుగా నా ల్యాప్‌టాప్‌కి పంపే చిన్న డబ్బాలవి. అంకెలు ఎక్కువొచ్చిన వీధుల్లోనే రోజూ ట్యాంకర్‌తో రోడ్డు తడుపుతామని పైవాళ్లు ముందే చెప్పారు.

భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కనే రహమత్‌బీ ఇల్లు. ఆమె భర్త ఖాజా సాబ్ టైలర్. ఆయాసంతో దుకాణం మూసేసి ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ వీధికి ట్యాంకర్ రావాలని నాకు గట్టిగా ఉండేది. తీరా చూస్తే ఆ ఇంటి గాలి జనగామ గాలికంటే శుభ్రంగా ఉందట! రోజూ మధ్యాహ్నం ఓ గంటసేపు మాత్రం ల్యాప్‌టాప్‌లో ఆ అంకెల గీత అమాంతం పైకి లేచి మళ్లీ పడిపోయేది. లారీలు పొద్దంతా తిరిగే చోట ఒక్క గంటే దుమ్మేమిటి? ఇలాంటివి తేలకపోతే నాకు అన్నం సయించదు. సెన్సర్ చెడిపోయిందని తీర్మానించేసి, కొత్తది సంచిలో వేసుకుని బస్సెక్కాను.

వెళ్లి చూద్దును కదా, సెన్సర్‌కి తెల్లటి గుడ్డ ముసుగు. అంచులు నీటుగా కుట్టి, నాడాతో ముడేసి ఉంది.

"గిదేంది చాచీ, దీన్నెందుకు కప్పిన్రు?"

"మీ సామాను గద బేటీ, దుమ్ము వడి ఖరాబైతదని. మా సాబే కుట్టిండు."

"మరి మధ్యాహ్నం?"

"రోజుకే గుడ్డ నల్లగైతది. ఉతికి పిండి ఆరేస్త. గా గుడ్డ ఆరెదాన్క మీ మిషను కప్పకుంటనే ఉంటది."

నవ్వాగలేదు. మరుక్షణమే సిగ్గేసింది. ఊపిరాడని మనిషి మా డబ్బాకి ముసుగు కుట్టాడు. లోపలికి వెళ్తే బిందెలకీ, టీవీకీ, మందుల పెట్టెకీ అవే గుడ్డలు. మొదటిసారి వచ్చినప్పుడు ఇవేవీ నా కంటికి ఆనలేదు. దుమ్ముతో ఇబ్బంది ఉందా అంటే ఆమె లేదంది, నేను టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాను.

"ఇబ్బంది లేదన్నరు గద చాచీ?"

"ఇబ్బందేంది బేటీ, తుడ్వనీకి నేనున్న గద."

"దినాం ఎన్నిసార్లు తుడుస్తరు?"

"చెయ్యి ఆగితే గద లెక్కవెట్టనీకి."

ముసుగు తీయించి మళ్లీ కొలిచాం. గీత మధ్యాహ్నం లేచిన ఎత్తుకే పోయి రోజంతా అక్కడే నిలబడింది. రిపోర్టులో ఆ గీత పక్కనే రహమత్‌బీ తుడవడం, ఉతకడం కూడా రాశాను. ఆ వీధి ట్యాంకర్ జాబితాలో చేరింది.

అప్పటినుంచి ఇబ్బంది ఉందా అని అడిగి ఊరుకోవడం మానేశాను. ఆ ఇబ్బంది బయటికి కనబడకుండా ఇంట్లో ఎవరు కష్టపడుతున్నారని అడుగుతున్నాను. మొన్న మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో, నీళ్లకేం ఇబ్బంది లేదన్న ఆయన ఈ ప్రశ్న వినగానే భార్య వైపు చూశాడు. నీళ్ల కోసం తాను పడే పాట్లన్నీ ఆమె చెప్పి ముగించడానికి గంట పట్టింది.