అయిదంగుళాల సందు

టైలర్ మామయ్యకి మనుషులు మనుషుల్లా కనిపించరు, కొలతల్లా కనిపిస్తారు. ఎదురుపడ్డవాళ్లకి నమస్కారం పెట్టేలోపే ఆయన చూపు వాళ్ల భుజం ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి వెళ్లి వచ్చేస్తుంది. ఆ పైన మెడలో టేపు తీసి సరిచూసుకుంటే గానీ ఆయనకి తిన్నది అరగదు.

"ఆయన నాతో మాట్లాడిన మొట్టమొదటి మాటేమిటో తెలుసా? పద్నాలుగున్నర!" అని అత్తయ్య ఇప్పటికీ మేనకోడలి దగ్గర వాపోతుంది. "పేరడగలేదు, బాగున్నావా అనలేదు. నా భుజం చూసి పద్నాలుగున్నర అన్నాడు మహానుభావుడు."

"అయితే ఏం, తప్పా?" అంటాడు మామయ్య కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా.

"తప్పయితే ఏనాడో తప్పించుకునేదాన్ని!"

ఒకసారి నూట మూడు జ్వరంతో ఆస్పత్రికి తీసుకెళ్తే, గుండె చూడటానికి వంగిన డాక్టరుని పట్టుకుని "మీ కుడిభుజం పావంగుళం కిందికుంది. కోటు కుట్టినవాడెవడండీ?" అని నిలదీశాడు. డాక్టరు మందు రాయడం మానేసి అద్దం దగ్గరికి పరిగెత్తాడు. ఇప్పుడా డాక్టరు వేసుకునే కోటు మామయ్య చేతి కుట్టు.

ఈ మనిషి గుహల్లోకి ఎలా దిగాడంటే, ఆ పుణ్యం మేనకోడలిదే. ఆవిడ డ్రాయింగ్ టీచరు. ఆదివారమైతే చాలు, ఊరి పక్క కొండగుహలో పాక్కుంటూ తిరిగే జట్టుకి పటాలు గీసేది. రాళ్లకి గీసుకుని అందరి బట్టలూ చిరుగుతుంటే కుట్టిపెట్టమని ఓ ఆదివారం మామయ్యని తీసుకెళ్లింది. అక్కడ వీళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేసే పని కొలవడమేనని తెలిసి ఆయన నోరు తెరిచాడు.

"ఇంత మంచి సంగతి ఇన్నాళ్లూ నా దగ్గర దాచావా అమ్మాయ్!" అన్నాడు. అంతే, మళ్లీ ఏ ఆదివారమూ ఇంటి పట్టున లేడు.

గుహలోకి దిగేముందు ఒక్కొక్కరి ఛాతీ కొలవడం ఆయన పెట్టిన నియమం. ఎవరు ఏ సందులో దూరగలరో, ఎవరు ఇరుక్కుంటారో ముందే తెలియాలి కదా.

"నర్సమ్మా, అరంగుళం పెరిగావు. బిస్కెట్లు తగ్గించు" అన్నాడోసారి జట్టులో ఉన్న నర్సుతో.

"అబ్బా, మెల్లగా అనండి!"

"లోపల ఇరుక్కుంటే నువ్వు మెల్లగా అరుస్తావా?"

జట్టుకి నాయకుడు బేకరీ బాబాయ్. మామయ్యకి చిన్ననాటి స్నేహితుడు. పాతికేళ్ల కిందట ఆ గుహని కనిపెట్టింది ఆయనే. మంచి భారీ మనిషి. ఎలుకలా బొరియల్లో ఏం పనయ్యా నీకు అని ఊరంతా ఎగతాళి చేస్తున్నా, నర్సునీ ఎలక్ట్రీషియన్నీ బస్సు డ్రైవర్నీ ఒక్కొక్కరినే పోగేసి జట్టు కట్టాడు. అలాంటిది ఈ ఏడు వాళ్ల పటం ప్రపంచ గుహల సమాఖ్య గుర్తింపు దాకా వెళ్లింది. ఆ గుర్తింపు వస్తే ఆరుగురి పేర్లూ దేశదేశాల్లో అచ్చవుతాయి. బాబాయ్‌కి నెల రోజులుగా కాలు నేల మీద నిలవడం లేదు.

పటం సరిచూడటానికి సమాఖ్య నుంచి ఒకావిడ వచ్చింది. సన్నగా ఉంటుంది. మూడు రోజులు మూల మూలా కొలిచింది. ఎక్కడా అరంగుళం తేడా లేదు. "ఇంత శుభ్రమైన పటం నేను చూడలేదు" అంది. మేనకోడలు పొంగిపోయింది.

చివరికి మిగిలింది గుహ కొసన ఉన్న సందు. 'ఎత్తు అయిదంగుళాలు, మనిషి పట్టడు' అని పటంలో ఉంది. ఆవిడ దాని ముందు బోర్లా పడుకుంది, తల పెట్టింది, జర్రున లోపలికి జారిపోయింది. కాళ్లు కూడా మాయం!

"ఇక్కడ పెద్ద గది ఉంది!" అని అవతల నుంచి గొంతు వినపడింది.

మేనకోడలు పటం తీసి చూసుకుంది. ఆ అయిదు అన్న అంకె తన చేత్తో రాసింది. రెండేళ్ల కిందట మామయ్య కొలిచి చెబితే రాసింది. ఆయన టేపుని శంకించేదెవరు?

బయటికొచ్చాక ఆవిడ సూటిగానే అడిగింది. "ఆ సందు తొమ్మిదిన్నర అంగుళాలుంది. మీరు అయిదన్నారు. ఇక ఈ పటాన్ని ఏమని సిఫార్సు చెయ్యమంటారు?"

మామయ్య మెడలో టేపు తడుముకున్నాడు. "టేపు తడిసిందండీ. సాగింది."

"సగానికి సగం సాగిందా?"

"మంచి సాగుడు టేపండి."

మామయ్య తన టేపుని తిట్టుకోవడం మేనకోడలు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఇందులో ఏదో ఉందని అప్పుడే అర్థమైంది.

"ఊరుకోరా ఇంక" అన్నాడు బేకరీ బాబాయ్. ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, రెండేళ్ల కిందట ఆ సందులో ముందు దూరింది నేను. నా ఛాతీ నలభై ఆరు. ఇరుక్కుపోయాను. వీడొచ్చి కాళ్లు పట్టి లాగాడు. నేను తప్ప మిగతావాళ్లంతా అందులో దూరగలరు. అవతల గదుంటే వాళ్లు వెళ్తారు, నేను ఇవతల కూర్చోవాలి. నన్నలా చూడలేక ఎవరూ పట్టరని చెప్పాడు."

"నీకు తెలుసట్రా?" అన్నాడు మామయ్య.

"అయిదంగుళాల సందులో నా తలకాయెలా దూరిందిరా, వెధవా!"

"మరి చెప్పలేదేం బాబాయ్?" అంది మేనకోడలు.

"వీడు జన్మలో చెప్పిన ఒకే ఒక్క దొంగ కొలతమ్మా. అదీ నా కోసం. ఏ మొహంతో దిద్దను? తప్పు నాదీను."

ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంది. "రేపు ఆ గది కొలిచి, పటం దిద్ది, ఆరుగురూ సంతకాలు పెట్టివ్వండి. అప్పుడు రాస్తాను సిఫార్సు" అంది.

ఆ దిద్దిన పటానికే తర్వాత గుర్తింపు వచ్చింది, ఆరు పేర్లూ వరసగా అచ్చయ్యాయి. కానీ మర్నాడు పొద్దున ఆ సందు దగ్గర బాబాయ్ ఓ రాయి మీద కూలబడి, "వెళ్లండి వెళ్లండి, నాకిక్కడ హాయిగా ఉంది" అని నవ్వాడు. ఒక్కొక్కరే సందులోకి జారారు. మేనకోడలు పుస్తకం పట్టుకుని వెనక్కి తిరిగింది.

"మామయ్యా, రా. కొలవాల్సింది నువ్వే."

జట్టు మొత్తంలో సన్నటి మనిషి మామయ్యే. చిన్నపిల్లలు దూరే కిటికీలో ఆయన కూడా దూరతాడు. టేపు తీసి తన ఛాతీకి చుట్టుకున్నాడు. దీపం దగ్గరికి వంగి, కళ్లు చికిలించి, సమాఖ్య ఆవిడ చూస్తుండగానే అంకె చదివాడు.

"నలభై ఆరు. నేను పట్టనమ్మా, మీరెళ్లండి" అని టేపు మేనకోడలి చేతిలో పెట్టి, బాబాయ్‌ని పక్కకి జరగమని ఆ రాయి మీదే చతికిలబడ్డాడు.