గవ్వ గుర్తు, చింతగింజ గుర్తు

బస్తరు కొండల్లో ఇనుపగని ఉన్న కిరండూల్‌లో నేను అయిదో తరగతికి సోషల్ చెప్పే రోజుల్లో మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. వచ్చింది అనడం తప్పు, వేంచేసింది అనాలి. దానికొక గది, ఆ గదికొక తాళం, ఆ తాళంచెవి మా పెద్దమాస్టారి జేబులో. గని మీద నుంచి దిగే ఎర్రదుమ్ము పడకుండా దానికి పూలగుడ్డ కప్పేవారు. పిల్లల ముక్కుల్లోకి పోయే దుమ్ము సంగతి ఎవరికీ పట్టలేదు. నేను నస పెట్టగా పెట్టగా వారానికి ఒక పీరియడ్ నాకు దక్కింది.

మొదటి పాఠం ఎన్నికలు. డిస్కు పెట్టాను. తెర మీద బొమ్మ మనుషులు వరసలో నిలబడ్డారు, ఓటేశారు, నవ్వుకుంటూ బయటికొచ్చారు. వెనక ఒకటే సంగీతం తప్ప మాటన్నది లేదు. ముందు బెంచీలో గ్యాంగ్‌మన్ కూతురు తల పక్కకి వంచి వింటోంది. ఆ పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు. వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం, నాన్న పట్టాల మీద పని చేస్తాడు.

"టీచర్, పాటే వస్తంది. ఓటెప్పుడేస్తారు?" అంది.

"ఏసీసినారు, నువ్వుండు" అంది పక్కనున్న పిల్ల.

ఈ పక్కనున్న పిల్ల గురించి చెప్పాలి. విశాఖపట్నానికి ఇనుపరాయి గూడ్సుబళ్ళు నడిపే డ్రైవరు గారి కూతురు. ఇద్దరివీ ఒకే వరసలో పక్కపక్క క్వార్టర్లు. క్వార్టర్లకీ బడికీ మధ్య రాయి లారీలు తిరిగే రోడ్డు ఉంది. పొద్దున్నే గ్యాంగ్‌మన్ కూతురి మణికట్టు పట్టుకుని ఆ రోడ్డు దాటించి లాక్కొచ్చేది, సాయంత్రం అలాగే లాక్కెళ్ళేది. సంచీ తనే మోసేది, టిఫిన్ డబ్బా మూత తనే తీసేది. నేను ప్రశ్న అడిగితే, ఆ పిల్ల నోరు విప్పేలోగా జవాబూ తనే చెప్పేసేది. బంగారం లాంటి పిల్ల. కాకపోతే బంగారం కాస్త బరువెక్కువ.

పాఠం అయ్యాక, ఈసారి క్లాసు లీడర్ని మనమూ ఎన్నుకుందాం అన్నాను. డ్రైవరు కూతురు నిలబడింది. ఆమెకి పోటీగా ఒక పిల్లాడు నిలబడ్డాడు. వాళ్ళు కోంటా వైపు నుంచి వచ్చిన దోర్ల గిరిజనులు. వాళ్ళమ్మ వారపు సంతలో చింతపండు అమ్మేది. వాడు హిందీ, హల్బీ, గోండీ, వాళ్ళింటి తెలుగూ నాలుగూ మాట్లాడగలడు. నాలుగింట్లోనూ వాగుడుకాయే.

"మరి నా ఓటెవులేస్తారు?" అంది గ్యాంగ్‌మన్ కూతురు.

"నేనేసేస్తాను" అంది డ్రైవరు కూతురు.

క్లాసంతా ఘొల్లుమంది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "ఓటు రహస్యమని టీచర్ సెప్పినారు గదా. నువ్వేస్తే నీకు తెలిసిపోద్ది" అంది.

ఓటు రహస్యం అన్న ముక్క నేను ప్రతి ఏడాదీ బోర్డు మీద రాయించేదాన్నే. పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో దించేవారు, మరిచిపోయేవారు. దాన్ని నిజమని పట్టుకున్న పిల్లని చూడటం నాకదే మొదలు. ముచ్చటేసింది. ఇప్పుడు నిజం చేసి చూపించాలి కదా అని భయమూ వేసింది.

మా ఆయన గనిలో ఎలక్ట్రికల్ సెక్షన్. ఇంటికి రాగానే, నాకొక ఓటు మెషిను చేసిపెట్టండి అన్నాను. ఆయన కాళ్ళు కూడా కడుక్కోలేదు పాపం. "రెండు స్విచ్చులు బిగించగానే అయిపోతుందా? ఇల్లలకగానే పండగా?" అని గొణిగారు. గొణిగిన మనిషే మర్నాటికి ఒక చెక్కపెట్టె తెచ్చారు. దానికి రెండు కాలింగ్ బెల్ బొత్తాలు. లోపల పాత ప్యానెల్ నుంచి ఊడదీసిన రెండు చిన్న మీటర్లు, బొత్తం నొక్కినప్పుడల్లా ఒక్కో అంకె ముందుకి జరుగుతాయి. మూతకి తాళం.

గుర్తుల దగ్గర పేచీ వచ్చింది. ఒకరు విమానం అన్నారు, ఒకరు పులి అన్నారు. కళ్ళు మూసుకుని వేలితో తడిమితే తెలిసే గుర్తయితేనే ఒప్పుకుంటానన్నాను. డ్రైవరు కూతురు విశాఖ సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వ తెచ్చింది. పిల్లాడు వాళ్ళమ్మ బుట్టలోంచి చింతగింజ తెచ్చాడు. రెంటినీ బొత్తాల పక్కన జిగురుతో అతికించాను. కొండ దిగువ పాడాలనే గిరిజన గూడేల నుంచి వచ్చే పిల్లలు కొందరికి హిందీ అక్షరాలు ఇంకా పట్టుబడలేదు. పేర్లు చదవనక్కర్లేదని తెలిసి వాళ్ళ ముఖాలు విప్పారాయి. ఒకరి కోసం చేసింది పదిమందికి పనికొచ్చిందని నేను కాస్త గర్వపడ్డాను కూడా.

వేలికి సిరా పెట్టరా అని క్వార్టర్ల పిల్లలు గొడవ చేశారు. పెట్టనన్నాను. ఎందుకు పెట్టరని పాడాల పిల్లలు ఒక్కరూ అడగలేదు. ఓటెయ్యొద్దని నక్సలైట్లు బెదిరించే ఆ గూడేలకి సిరా మరక తీసుకెళ్తే ఏమవుతుందో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. బదులుగా బయటికొచ్చిన వాళ్ళకి తలా ఒక బెల్లం ముక్క పెడతానన్నాను.

ఓట్లకి ముందురోజు ఒకసారి ఉత్తుత్తిగా ఓట్లు వేయించి చూశాను. మూల పాత చీర కట్టి, దాని వెనక పెట్టె పెట్టాను. నలుగురు వేశారో లేదో, గ్యాంగ్‌మన్ కూతురు చెయ్యెత్తింది.

"టీచర్, ఎవులెవులికి ఏసినారో నాకు తెలిసిపోతంది. గవ్వ నొక్కితే టక్కు అంటంది. గింజ నొక్కితే టిక్కు అంటంది."

నేనూ చెవి పెట్టి విన్నాను. నాకు రెండూ ఒక్కలాగే వినిపించాయి. డ్రైవరు కూతురు కళ్ళు మాత్రం మెరిశాయి. "అయితే రేపు నువ్వు సీర పక్కనే కూకో. ఎవులేసినారో నాకు సెప్పుదువుగాని" అంది, నేను వింటున్నానన్న భయం కూడా లేకుండా.

"నేను సెప్పను. టీచర్, ఆ సప్పుడు మార్పించండి" అంది గ్యాంగ్‌మన్ కూతురు.

తన ఓటుకే కాదు, క్లాసందరి ఓటుకీ కాపలా కాస్తున్న ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. టీచర్లు అలాంటివి చెయ్యకూడదు కనుక, సరే కూర్చో అన్నాను. మా ఆయన మళ్ళీ గొణిగి, ఏ బొత్తం నొక్కినా బర్రుమని మోగే బజరొకటి బిగించారు. దాని మోతలో టక్కూ టిక్కూ రెండూ మునిగిపోయాయి.

ఆ సాయంత్రం ప్రచారం. డ్రైవరు కూతురు బల్లెక్కి, నేను లీడర్నయితే క్లాసు శుభ్రంగా ఉంటుంది, అల్లరి ఉండదు అని చక్కగా ఉపన్యాసం ఇచ్చింది. పిల్లాడు బల్లెక్కలేదు. బెంచీ బెంచీకి తిరిగి ఒక్కొక్కరి భాషలో అడిగాడు. గ్యాంగ్‌మన్ కూతురి దగ్గరికొచ్చి, "నీకేం గావాలె చెప్పు" అన్నాడు.

"దానికేటీ వద్దు" అంది డ్రైవరు కూతురు.

ఆ పిల్ల వాడి గొంతు వైపు తిరిగింది. "ఆటల పీరియడ్లో నన్ను సంచీల కాడ కూకోబెట్టొద్దు" అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ పిల్లని అంతవరకూ అడిగినవాళ్ళు లేరు, ఆ పిల్లా అడగలేదు. డ్రైవరు కూతురు బిక్కమొహం వేసుకుని చూసింది. పడిపోతావని కదే కూర్చోబెడతాను అని నెమ్మదిగా అంది. అది నిజం కూడా.

ఓట్ల రోజున గ్యాంగ్‌మన్ కూతురి వంతు వచ్చింది. డ్రైవరు కూతురు అలవాటుగా మణికట్టు పట్టుకోబోతే, నేనే వెళ్తానంది. గోడ వెంబడి చెయ్యి రాసుకుంటూ వెళ్ళి, చీర తప్పించి లోపలికి పోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వరసలో పిల్లలు గుసగుసలాడటం మానేశారు. చివరికి బజరు మోగింది. బయటికొచ్చినప్పుడు ఆ ముఖంలో ఉన్న సంతోషం నేను ఎవరి ముఖంలోనూ, నిజం ఎన్నికల్లో గెలిచినవాళ్ళ ముఖంలో కూడా, చూడలేదు. బెల్లం ముక్క ఇస్తే తినకుండా గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

తాళం తీసి మీటర్లు చూశాం. చింతగింజ ఒక్క ఓటుతో గెలిచింది.

పిల్లాడిని భుజాలెక్కించుకుని కేకలు పెడుతున్నారు. ఆ గోలలోనే డ్రైవరు కూతురు తిన్నగా ముందు బెంచీ దగ్గరికొచ్చింది.

"నువ్వు నాకే ఏసినావు గదా?"

"సెప్పను."

"నాకు గూడా సెప్పవా?"

"ఎవులికీ సెప్పను."

ఆ సాయంత్రం డ్రైవరు కూతురు ఒక్కతే ఇంటికెళ్ళిపోయింది. గ్యాంగ్‌మన్ కూతుర్ని నేను దిగబెట్టాను. మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ పై రోజూ రాలేదు. వాళ్ళ నాన్న తెల్లారకముందే పట్టాల మీదికి పోతాడు, వాళ్ళమ్మ ఆఫీసర్ల బంగళాల్లో పొద్దుటి పనికి పోతుంది. లారీల రోడ్డు దాటించే దిక్కు లేదు. ఆ రెండో రోజు మధ్యాహ్నం వాళ్ళమ్మ కొంగు బొడ్లో దోపుకుని బడికొచ్చింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా మీద పడింది.

"ఓట్లాట ఆడించి మా కొంప ముంచినారు టీచరమ్మా! సూడనేని గుంటకి ఓటేటి, గుట్టేటి? ఆ పిల్ల ఒగ్గీసిందంటే నా గుంట సదువు అయిపోయినట్టే." అరిచి అరిచి ఆమెకే ఏడుపొచ్చింది. "ఒక్క మాటనండి. మా గుంట ఆ పిల్లకే ఏసిందని అనండి. మీరంటే నమ్ముతాది."

"నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు."

"తెలీకపోతే ఏటి? అనీయండి!"

ఆమెని నేను తప్పుపట్టలేదు. పిల్ల చదువు ముందు ఒక అబద్ధం ఎంత? బడి వదిలాక రైల్వే క్వార్టర్లకి వెళ్ళాను. దారంతా అదే ఆలోచన, అనేస్తే పోలా అని. గ్యాంగ్‌మన్ కూతురు గుమ్మంలో కూర్చుని ఉంది. నా చెప్పుల చప్పుడుకే లేచి నిలబడింది.

"నేను చెప్పేదా అమ్మా, నువ్వు దానికే వేశావని? మళ్ళీ బడికొస్తావు కదా" అన్నాను.

ఆ పిల్ల మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే, "వద్దు టీచర్. అందరివన్నీ నాకు కనబడవు. నాదొక్కటే, ఎవులికీ కనబడనిది. అదొక్కటీ ఉంచండి" అంది.

కళ్ళు తుడుచుకుని పక్క క్వార్టరుకి వెళ్ళాను. డ్రైవరు కూతురు అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. "దాని సంచీ నేనే మోసినాను టీచర్. రోజూ మోసినాను" అంది.

"మోసినందుకు ఇచ్చేది కూలి కదమ్మా. నువ్వు కూలికి మోశావా?"

తల నిమరబోతే విదిలించుకుంది. ఓడిపోయిన పిల్ల, పైగా తప్పేం చెయ్యని పిల్ల. ఆమె మీద కూడా నాకు అంతే జాలేసింది. రేపటి నుంచి నేనే వచ్చి గ్యాంగ్‌మన్ కూతుర్ని తీసుకెళ్తానని వాళ్ళమ్మకి చెప్పి ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. క్వార్టర్ల సందు మలుపు తిరిగేసరికి, ఆ గుమ్మం ముందు డ్రైవరు కూతురు ముందే నిలబడి ఉంది. నూనె రాసి బిగించి జడలేసుకుంది, ముఖం మాత్రం ఇంకా వాచే ఉంది. లోపలి నుంచి గ్యాంగ్‌మన్ కూతురు సంచీతో వచ్చింది. నేను మలుపులోనే ఆగిపోయాను.

"నాకు ఏయకపోయినా పర్నేదు. పద" అంది డ్రైవరు కూతురు, ఎటో చూస్తూ.

"ఏసుంటే పర్నేదా?" అంది గ్యాంగ్‌మన్ కూతురు.

డ్రైవరు కూతురు గిరుక్కున ఇటు తిరిగింది. ఆ పిల్ల ముఖంలో ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. ఏమీ దొరకలేదు. తర్వాత వీపు మీద ఒక్కటిచ్చింది, ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వి నవ్వి ఆగాక, మళ్ళీ మణికట్టు మీదికి చెయ్యి చాచబోయి మధ్యలో ఆపుకుంది.

"పట్టుకోనా?" అంది.

"నేను పట్టుకుంటాను" అని గ్యాంగ్‌మన్ కూతురు గాలిలో తడిమి, స్నేహితురాలి మోచెయ్యి దొరకబుచ్చుకుంది. సంచీ తన భుజానే ఉంచుకుంది. లారీలు ఆగాక ఇద్దరూ రోడ్డు దాటారు. నేను వెనకే నడిచాను.