తప్పైందన్న ఒక్క మాట

మంగళవారం పొద్దున ఏడూ పదికి మొదలైంది. గౌలిపురలోని మా ఇంటికి ఆ రోజు పాలు రాలేదు. పాలుపోసే అతని తల్లి వట్టి చేతులతో వచ్చి గడప దగ్గర కూలబడింది.

"టీచరమ్మా, నా కొడుకును పోలీసులు తీస్కపోయిన్రు. పత్తర్‌గట్టిల దుకాణం కాపలాదారును సంపిండంటున్రు. గాడు బర్రెను గూడ కొట్టడమ్మా!"

చేయని నేరాన్ని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారన్నదే యూనివర్సిటీలో నా ముప్పై ఏళ్ల పరిశోధన. జైల్లో అతన్ని కలవడానికి నాకు ములాఖత్ దొరికేసరికి అతను మేజిస్ట్రేట్ ముందు నేరం ఒప్పుకునే వచ్చాడు.

"కొట్టిన్రా?" అని అడిగాను.

"లేదమ్మా, ఒట్టు."

"మరి ఎందుకు ఒప్పుకున్నవురా?"

"తప్పైందంటే ఇడిసిపెడ్తరనుకున్న. మా కులపెద్దల కాడ గంతే గదా. ఎవరు జేసినా సరే, ఒకడు లేసి తప్పైందని మొక్కితే లొల్లి ఖతం. గా మేజిస్ట్రేట్ సారు గూడ పెద్దమనిషి లెక్కనే కూసున్నడు. మంచినీళ్లిచ్చిండు."

అతను చెప్పింది నిజం. చిన్నప్పుడు మా మేడమీంచి ఆ పంచాయితీలు చూసేదాన్ని. ఒట్టిపోయిన బర్రె కోసం రెండిళ్లవాళ్లు కొట్టుకుంటుంటే, ఏ సంబంధమూ లేని ఒక ముసలాయన లేచి తప్పైందని చేతులు జోడించాడు. అందరూ చాయ్ తాగి ఇళ్లకు పోయారు. చేసిందెవరని అక్కడ ఎవరూ అడగరు.

ఇదంతా కోర్టులో సాక్ష్యంగా చెప్పాను. ప్రభుత్వ వకీలు నవ్వాడు.

"అయితే మేడమ్, ఇకమీదట హంతకులంతా మర్యాద కొద్దీ ఒప్పుకుంటున్నారనుకోవాలా?"

కోర్టు హాలంతా నవ్వింది. బోనులో అతనూ నవ్వాడు. అందరూ నవ్వుతున్నారంటే రాజీ కుదిరినట్టేనని అనుకున్నాడు.

బలవంతమేమీ లేదనీ, ఆలోచించుకోవడానికి గడువు కూడా ఇచ్చారనీ తీర్పులో రాశారు. యావజ్జీవం వేశారు. పై కోర్టూ అదే ఖాయం చేసింది. తల్లి పోయినప్పుడు అతన్ని తీసుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

పోయిన నెల ములాఖత్‌లో ఇనుప జాలీ అవతలి నుంచి అడిగాడు: "ఇంకోపారి తప్పైందని మొక్కితే ఏమన్న ఫాయిదా ఉంటదా, అమ్మా?"



పోయినవి ఇవి: వకీలు ఫీజుకు అమ్మిన తొమ్మిది బర్రెలు. ఒక తల్లి. అతని వయసులో ఇప్పటికి పదకొండేళ్లు. చచ్చిపోయిన కాపలాదారుకు దక్కాల్సిన న్యాయం, ఎందుకంటే చంపినవాణ్ణి మళ్లీ ఎవరూ వెతకలేదు. నా ముప్పై ఏళ్ల చదువు.