నా కోసం వేసిన స్లైడు

మొన్న మా అమ్మాయి పట్టుబట్టి నన్ను రాజమండ్రిలో కొత్తగా కట్టిన మల్టీప్లెక్సుకు తీసుకెళ్ళింది. దుప్పటి కప్పుకోవలసినంత చలి, పడుకోగలిగినంత కుర్చీ. సినిమా సగంలో ముందు వరుసలో ఒకాయన జేబులో ఫోను వెలిగింది. చూసుకున్నాడు, వంగి వంగి బయటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పక్కనున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారే గాని ఎవరూ తల తిప్పలేదు. ఆ తరవాత తెర మీద ఏం జరిగిందో నాకు తెలియదు. నా ఈడువారికి చెప్పనక్కర్లేదు, మన రోజుల్లో అలాంటి కబురు జేబులోకి కాదు, తెర మీదకే వచ్చేది. అలా నా కోసం వచ్చిన కబురు చూసి కూడా నేను లేవలేదు. అందువల్ల మా నానమ్మ ఆఖరి చూపు నాకు దక్కలేదు.

రామచంద్రపురంలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉండేది ఆ హాలు. రేకుల కప్పు కావడంతో వాన పడితే తెర మీద మాటలు వినపడేవి కావు. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులుండేవి, ఆడవాళ్ళకు ఒక పక్కన నడుమెత్తు గోడ కట్టి వేరే బెంచీలు వేసేవారు. ఎవరింట్లోనైనా అవసరం పడి గేటు దగ్గర చెబితే, ఆపరేటరు గాజుపలక మీద సిరాతో స్లైడు రాసి, ఫలానా ఊరి ఫలానా వారు వెంటనే బయటకు రావలెనని బొమ్మ మీదే వేసేవాడు. హాలంతా ఆ పేరు చదివి, ఎవరు లేస్తారా అని మెడలు సాచి చూసేది. తడబడుతూ లేచినవాళ్ళను చూసి మేం పిల్లకాయలం కిసుక్కున నవ్వేవాళ్ళం, అయ్యో అనుకునే బుద్ధి అప్పట్లో ఎక్కడేడిసింది!

మా నాన్నగారు మిషన్ బడిలో మేష్టారు, ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. సినిమా హాలు గుమ్మం ఆయన తొక్కరు, మమ్మల్ని తొక్కనివ్వరు. నాకు సినిమా రుచి చూపించింది బజారులో కిరాణా కొట్టున్న పక్కింటి పిన్నిగారు. ఆవిడకు సినిమా పిచ్చి, చదువు మాత్రం రాదు, తెర మీద పేర్లూ ఉత్తరాలూ చదివి చెప్పడానికి ఎనిమిదో తరగతి చదువుతున్న నన్ను వెంటబెట్టుకెళ్ళేది. ఇంట్లో నేను స్నేహితురాలితో కలిసి చదువుకుంటానని చెప్పేదాన్ని. ఈ గుట్టు తెలిసింది నానమ్మ ఒక్కర్తికే. ఉబ్బసంతో మంచం దిగలేని ఆవిడకు తిరిగొచ్చాక కథంతా చెవిలో చెప్పాలి, గుట్టు దాచినందుకు అదే కూలి. విలనుకు శిక్ష పడలేదంటే ఒప్పుకునేది కాదు, అందుకని పడని చోట కూడా నేనే వేయించేదాన్ని.

ఆ శనివారం మ్యాటినీకి బయలుదేరేటప్పుడు నానమ్మ బాగానే ఉంది, మంచం మీదే కూర్చోబెట్టుకుని నాకు జడ వేసి పంపింది. ఇంటర్వెల్ అయిన కాసేపటికి, కథానాయిక ఏడుస్తున్న ముఖం మీద అక్షరాలు పడ్డాయి. మిషన్ బడి మేష్టారి అమ్మాయి వెంటనే గేటు వద్దకు రావలెను. నాన్నగారికి తెలిసిపోయింది, గేటు దగ్గర బెత్తం పట్టుకుని నిలబడ్డారు, అంతే అనుకున్నాను. కబురు ఇంకేదైనా కావచ్చన్న ఊహే నాకు రాలేదు. పిన్నిగారు మోచేత్తో పొడిచింది.

“ఏం రాశారే అమ్మాయ్?”

“వచ్చే వారం బొమ్మ గురించండి.”

కాసేపాగి మళ్ళీ వేశారు. ఈసారి ఆవిడ కథలో మునిగిపోయి పట్టించుకోలేదు. వెనక ఎవరో మేష్టారి అమ్మాయంటే ఎవరని గొణిగారు. నేను ఓణీ తల మీదకు లాక్కుని, బెంచీలో కుంగిపోయి, ఈ ఆట ఎప్పటికీ అయిపోకుండా చూడు ప్రభువా అని ప్రార్థించుకున్నాను.

ఆట అయిపోయింది. గేటు బయట ఎండలో సైకిలు పట్టుకుని నాన్నగారు నిలబడి ఉన్నారు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో బెత్తం లేదు. “ఎక్కమ్మా. నానమ్మ నిన్ను చూస్తానంటోంది” అన్నారు, అంతే. ఊపిరి అందని స్థితిలో నన్నే కావాలని అడిగి, నేనెక్కడున్నానో ఆవిడే చెప్పిందట. మేము చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఏడుస్తూ ఎదురొచ్చింది.

నాన్నగారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పైగా వచ్చిన చుట్టాలందరికీ, “పిల్ల తప్పేం లేదండి, ఆ స్లైడు ఇలా వేసి అలా తీసేసుంటారు, పాపం చూసుకోలేదు” అని ఆయనే చెప్పుకొచ్చారు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. ఒక రోజు ఊరుకుంటే మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది, ఏడాది తిరిగేసరికి మరీ కష్టమైంది, పెళ్ళయి పిల్లలు పుట్టాక ఇక నోరే పెగల్లేదు.

ఆ హాలు పడగొట్టి దుకాణాలు కట్టి చాలా కాలమైంది. సినిమా చూడ్డానికి ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు, మా చర్చి పిల్లలు కూడా ఆదివారం ప్రార్థన కాగానే ఫోనులో టిక్కెట్లు కొనుక్కుని బయలుదేరుతున్నారు. వాళ్ళను చూస్తే సంతోషంగానే ఉంటుంది, కాస్త కుళ్ళూ వస్తుంది. ఆ భయమే లేకపోతే ఆ రోజు నేనూ లేచేదాన్ని కదా.

నాన్నగారు పోయే ముందు, ఆస్పత్రిలో నేను జావ తాగిస్తుంటే, ఉన్నట్టుండి ఆ సంగతెత్తారు. “నాదేనమ్మా పొరపాటు. పట్టుదలకి పోయి గేటు దగ్గరే నిలబడిపోయాను. లోపలికొచ్చి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళుంటే మీ నానమ్మ నిన్ను చూసుకునేది” అన్నారు. ఇన్నేళ్ళూ ఆయన మనసులో మోస్తున్నది అదన్నమాట. చెప్పెయ్యాలని నోరు తెరిచాను. జావ పట్టడానికనుకుని ఆయనా నోరు తెరిచారు. నేను చెంచా అందించాను.