ఉత్తినే వచ్చిన నాలుగో సైకిలు

మూడు సైకిళ్ళకు అద్దె కట్టి నాలుగోది ఉత్తినే తెచ్చుకున్న మొనగాడు గుడివాడలో నాకు ముందు లేడు, నా తర్వాతా లేడు. సముద్రం దాకా తొక్కాల్సిన సైకిలును నేను అలా సంపాదించాను. అంత తెలివితక్కువ పని చెయ్యాలంటే చాలా తెలివి ఉండాలి.

"అబ్బాయీ, నాలుగోది ఊరికే ఇస్తా గానీ, ఇచ్చేది ఆ మూలనున్న బండి," అన్నాడు షాపాయన.

"దానికేమైందండీ?"

"ఏం కాలేదు. ఊళ్ళో తిరగడానికి బ్రహ్మాండంగా ఉంటది. సముద్రం దాకా అంటే మరి నీ ఇష్టం."

నా వెనకాల నిలబడ్డ ముగ్గురూ నా వీపు చరిచారు. "షావుకారు మనోడేరా!" అన్నాడు నన్ను చూపించి, అందరికంటే పొడుగ్గా ఉండేవాడు. ఆ 'మనోడు' అన్న మాట కోసం నేను చక్రాల్లేని సైకిలైనా తీసుకునేవాణ్ణి.

తొంభైల చివర, డిగ్రీ చదువుతున్న రోజులు. వాళ్ళు ముగ్గురూ కాలేజీ క్యాంపుకి పాలకాయతిప్ప వెళ్ళినప్పుడు, బెస్తవాళ్ళ ఇళ్ళ మధ్య జాకెట్లు కుట్టుకునే ఒకావిణ్ణి చూశారు. కాళ్ళు పనిచెయ్యవు. కుట్టిన బట్టలు ఇచ్చి రావాలంటే ఎవరో ఒకరు ఎత్తుకెళ్ళాలి. ఆవిడకు చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి కొనిద్దామని, గుడివాడ నుంచి బందరు మీదుగా సముద్రం దాకా సైకిళ్ళ మీద వెళ్తూ చందాలు పోగు చేద్దామని అనుకున్నారు. బండి బేరమాడటానికీ, కొట్లవాళ్ళ చేత డబ్బులు కక్కించడానికీ నన్ను పిలిచారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ పిలవలేదు.

మా వీధి సంగతి కాస్త చెప్పాలి. అది మొత్తం కొట్లే. కొట్ల వెనక మనుషులు. మా నాన్నది కిరాణా. అక్కడ మొదటి మాటకు ఎవడూ ఒప్పుకోడు. కొనేవాడు "వద్దులెండి" అని మెట్లు దిగుతాడు. కొట్టువాడు పదడుగులు వెయ్యనిచ్చి, "ఇదుగో, ఇటు రండి, మీ మాటే కానివ్వండి," అని పిలుస్తాడు. పిలుస్తాడని వాడికి తెలుసు, ఆగుతాడని వీడికి తెలుసు. వద్దన్నవాణ్ణి ఇంకోసారి అడగాలి. లోకమంతా ఇలాగే మాట్లాడుకుంటుందని నేను అనుకునేవాణ్ణి.

బందరు దాకా నా సైకిలు మర్యాదగానే నడిచింది. బందరులో చందాలు బాగా రాబట్టాను. ఒక బట్టల కొట్టాయన యాభై ఇస్తే, "మీ బోర్డు మీద అక్షరాలకే ఇంతకంటే ఎక్కువ పెట్టారు కదండీ," అని వంద చేయించాను. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఆ రాత్రికి పొడుగువాడి మేనమామ ఇంట్లో నలుగురం ఒకే చాప మీద పడుకున్నాం. చాలా రోజుల వరకూ ఆ చాప ఇరుకు నాకు గుర్తొచ్చేది.

మర్నాడు చల్లపల్లి దాటాక ఫ్రీవీలు చచ్చింది. పెడలు తిరుగుతుంది, చక్రం తిరగదు. చందా డబ్బుతో బందరులో కొని కోడూరుకు పంపించిన మూడు చక్రాల బండిని నాలుగింటికల్లా ఆవిడకు అప్పగించాలి. ఊరి పెద్దలు వస్తామన్నారు. పొడుగువాడు వాచీ చూసుకున్నాడు. అప్పుడు, క్లాసులో నా పక్క బెంచీలో కూర్చునేవాడు సైకిలు దిగాడు.

"మీరిద్దరూ వెళ్ళండ్రా. నేను వీడితో ఉంటా. మార్చి మార్చి నడిపించుకొస్తాం."

గుండె ఎగిరింది. నోరు మాత్రం మా వీధిదే.

"నువ్వుండి ఏం పీకుతావురా? ఆలస్యమయ్యేవాడు ఒకడు కాస్తా ఇద్దరవుతారు. నష్టం."

"నష్టమేంట్రా?"

"లెక్క చెప్తున్నా. వద్దు, పో."

వాడు నా మొహంలోకి చూశాడు. నేను చైను చూస్తున్నాను. "సరే, నీ ఇష్టం," అని ఎక్కాడు.

నేను పదడుగులు లెక్కపెట్టాను. సైకిలు మీద మనిషి పదడుగుల్లో ఆగడని అప్పుడు తట్టలేదు. వాడు వెనక్కి తిరిగి ఇంకోసారి అడుగుతాడని నిలబడ్డాను. వాడిది కొట్లవాళ్ళ ఇల్లు కాదు, వాళ్ళ నాన్న బడిపంతులు. వాళ్ళింట్లో వద్దంటే వద్దనే. కేకేస్తే వినపడేంత దూరంలో చాలాసేపే ఉన్నాడు. ముందు పిలిచినవాడిదే ఓటమి కదా, నేను పిలవలేదు. ముగ్గురి చొక్కాలూ చిన్నవై, చివరికి రోడ్డు మీద ఏమీ లేకుండా పోయింది.

మోపిదేవి మీదుగా పులిగడ్డ వంతెన దాకా నడిచాను. వంతెన మీద బస్సులు వెళ్ళినప్పుడల్లా కిటికీల్లోంచి జనం చూశారు. సైకిలు ఉండి నడుస్తున్నవాడు ఎవరికైనా వింతే. కింద కృష్ణ సన్నగా ఉంది. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే నా నోటికి పనే లేదని అక్కడ తెలిసింది. అవనిగడ్డలో మెకానిక్కు పాత ఫ్రీవీలు వేసి, ఎనభై అన్నాడు. తీసిచ్చాను. అతను డబ్బులు చేతిలో పట్టుకుని నా వంక అనుమానంగా చూశాడు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?"

పాలకాయతిప్ప చేరేసరికి పొద్దు వాలింది. ఇసుకలో ఎన్నో చెప్పుల గుర్తులున్నాయి, మనుషులు లేరు. ఇళ్ళ ముందు ఆవిడ కొత్త బండి మీద కూర్చుని, అటు పది గజాలు, ఇటు పది గజాలు తిప్పుకుంటోంది.

"నాలుగోవారు మీరేనా అండీ? మీవాళ్ళు ఐదింటిదాకా చూశారండి. కోడూరు నుంచి లారీ ఉందని, సైకిళ్ళు అందులో ఏసుకుందామని అడ్డదారిన ఎళ్ళిపోయారు. ఒకాయనైతే అదుగో, ఆ గట్టు దాకా ఎళ్ళి చూసొచ్చాడండి. మళ్ళీ ఎళ్ళాడు. రెండుసార్లు."

"ఏ చొక్కా అండీ?"

"గళ్ళ చొక్కా."

పక్క బెంచీవాడే.

తెల్లవారాక చేపల వ్యానులో సైకిలు వేసుకుని బందరు చేరాను. సోమవారం క్లాసులో వాడు, "ఎప్పుడొచ్చావురా?" అన్నాడు. నేనడగాల్సింది, చెప్పాల్సింది చాలా ఉంది. "మీలాగా లారీ ఎక్కలేదులే, చివరిదాకా తొక్కింది నేనొక్కణ్ణే," అన్నాను. వాడు నవ్వి పుస్తకం తెరిచాడు. తర్వాతెప్పుడూ నాతో ఉంటానని అనలేదు. చదువులయ్యాయి, ఎవరి దారిన వాళ్ళం పోయాం. ఆ రోజు తీసిన ఫోటోలో ముగ్గురున్నారు.

ఇక పద్దు. నాలుగో సైకిలుకు రెండ్రోజుల అద్దె ముప్ఫై మిగిల్చాను. ఫ్రీవీలుకు ఎనభై పోయింది. వ్యానుకు ఇరవై. నికరంగా నష్టం డెబ్భై. అది పెద్ద విషయం కాదు, ఆవిడకు బండి వచ్చింది. రాయకుండా వదిలేసింది ఇంకొకటుంది. వాడు రోడ్డు మీద ఒకసారి, గట్టు మీద రెండుసార్లు, మొత్తం మూడుసార్లు అడిగాడు. నేను పిలిచింది సున్నా.